[పరిష్కారమైంది] సంగీత పాఠాల సీడీ: రిపేరు నుంచి వచ్చాక తంబురా శ్రుతి మారిపోయింది (పాత కంప్యూటర్, విండోస్ 7)

కొబ్బరాకు_గాలి | ఆగస్టు 6, రాత్రి 9:40

నమస్కారం అండి. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోవడమే గాని ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. కాస్త పొడుగవుతుంది, ఏమనుకోకండి.

మాది సఖినేటిపల్లి దగ్గర ఓ పల్లెటూరు. మా పాపకి తొమ్మిదేళ్లు. గాత్రం నేర్చుకుంటోంది. మాస్టారు నరసాపురం నుంచి ప్రతి ఆదివారం పంటు దాటి వస్తారు. మిగతా ఆరు రోజులూ ఇంట్లో సాధనకి ఒక సీడీ ప్రోగ్రామ్ ఉంది. 2009లో మా చెల్లెలి కోసం కంప్యూటర్‌తో పాటే కొన్నాం. తెర మీద సరళీ స్వరాలు ఒక్కొక్కటే వెలుగుతుంటాయి, వెనకాల తంబురా మోగుతుంది, తాళం పడుతుంది. మైకులో పాడితే శ్రుతిలో ఉన్నంతసేపూ పచ్చ గీత, జారితే ఎర్ర గీత. ఫోన్ యాప్‌లు రెండు మూడు చూశాం గాని పాపకి దీనితోనే అలవాటు.

కంప్యూటర్: కోర్ 2 డ్యువో, 2 జీబీ ర్యామ్, విండోస్ 7, 32 బిట్. ఇంటర్నెట్ లేదు.

పోయిన నెల పిడుగులు పడ్డ రాత్రి తరవాత ఆన్ కాలేదు. టౌన్‌లో ఒక షాపులో ఇచ్చాం. ఎస్‌ఎంపీఎస్ (లోపల కరెంటు అందించే డబ్బా) మార్చారు. "పనిలో పనిగా డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేసేశాం సార్" అన్నారు. (డ్రైవర్ అంటే సౌండ్ లాంటి ఒక్కో భాగాన్ని విండోస్ నడిపించడానికి వేసే చిన్న ప్రోగ్రామట.) ఇంటికి తెచ్చాక రెండు తలనొప్పులు.

ఒకటి, పొద్దున్నే ఆన్ చేస్తే తేదీ 2009 జనవరి 1 చూపిస్తోంది. ప్రోగ్రామ్ "లైసెన్సు తేదీ చెల్లదు" అంటుంది. తేదీ సరిచేస్తే తెరుచుకుంటుంది.

రెండోదే అసలు బాధ. తంబురా శ్రుతి పెరిగిపోయింది. పాపది ఐదు శ్రుతి, అంటే హార్మోనియం ఐదో మెట్టు. ప్రోగ్రామ్‌లోనూ ఐదే పెట్టి ఉంది. గోదారి పోటు మీద ఉండి పంటు ఆపేయడంతో మాస్టారు రెండు ఆదివారాలు రాలేదు. మొన్న ఆదివారం వచ్చి, పాప పాట రెండు నిమిషాలు విని, "ఇదేంటమ్మా, గొంతు పైకి లాగుతున్నావు" అన్నారు. తంబురా పెట్టించుకుని హార్మోనియం మెట్లు ఒక్కొక్కటే నొక్కి చూశారు. "ఇది ఐదు కాదు. ఐదున్నరా కాదు, ఆరూ కాదు. ఏ మెట్టుకీ అందట్లేదు" అన్నారు. ఆయన ఒకప్పుడు పద్యనాటకాలకి హార్మోనియం వాయించిన మనిషి, చెవి గట్టిది.

షాపుకి ఫోన్ చేస్తే స్పీకర్లు పాతబడ్డాయి, మార్చుకోండి అన్నారు. ఏం చేయాలో చెప్పండి.


భీమవరం_బుల్లోడు | ఆగస్టు 6, రాత్రి 9:58

పిడుగు దెబ్బకి కంప్యూటర్‌కి సంగీతం వచ్చేసిందన్నమాట :) రెండు వారాలు పాప పై శ్రుతిలో సాధన చేసిందంటే కచేరీకి రెడీ అయిపోయినట్టే.

జోకులు పక్కనపెడితే, ఫార్మాట్ కొట్టెయ్యండి అన్నా. సగం రోగాలు దానికే పోతాయి.


రావులపాలెం_రిపేర్లు | ఆగస్టు 6, రాత్రి 10:15

నేనూ అదే చెబుతా. 15 ఏళ్ల విండోస్ అది, లోపల చెత్త పేరుకుని ఉంటుంది. ఫార్మాట్ చేసి ఫ్రెష్‌గా వేస్తే అరపూట పని. రోజూ మా బల్ల మీద ఇలాంటివి నాలుగైనా ఉంటాయి.


పాతపెట్టె | ఆగస్టు 6, రాత్రి 10:21

ఆగండాగండి. కొబ్బరాకు గారూ, ఫార్మాట్ మాట ఎవరు చెప్పినా ఇప్పుడే చేయకండి. ముందు ఒకటి చెప్పండి. ఆ ప్రోగ్రామ్‌కి లైసెన్సు ఎలా ఇచ్చారు? సీడీ పెడితే చాలా, లేక కీ ఏదైనా కొట్టించారా?


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 6, రాత్రి 10:34

కీ ఉందండి. అప్పట్లో ఇన్‌స్టాల్ చేస్తే తెర మీద పొడుగాటి నంబరు వచ్చింది. కంపెనీకి ఫోన్ చేసి అది చదివితే వాళ్లు ఇంకో నంబరు చెప్పారు. అది కొడితేనే తెరుచుకుంది. ఆ కంపెనీ మూతపడి చాలా ఏళ్లయింది. ఫోన్ మోగదు.


పాతపెట్టె | ఆగస్టు 6, రాత్రి 10:41

అనుకున్నాను. తెర మీద వచ్చిన నంబరు మీ మెషీన్‌ని బట్టి పుడుతుంది. ఫార్మాట్ చేస్తే కొత్త నంబరు అడగొచ్చు. దానికి జవాబు చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. ఫార్మాట్ అయిన క్షణం నుంచి ఆ సీడీ టీ కప్పు కింద పెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతే.

నాది నరసాపురమే, ఉద్యోగం హైదరాబాద్‌లో. ఇంట్లో ఇలాంటి పాత డబ్బాలు మూడున్నాయి. తేదీ సంగతి ముందు తేల్చేద్దాం. అది మదర్‌బోర్డు మీదుండే గుండ్రటి బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. అయిపోయింది. వాచీ రిపేరు కొట్లో దొరుకుతుంది. ప్లగ్గు పూర్తిగా పీకి, పవర్ బటన్ ఓసారి నొక్కి వదిలి, పాతది తీసి కొత్తది పెట్టండి. ప్లస్ గుర్తున్న వైపు పైకి. మామూలుగా అయితే బ్యాటరీ తీసే ముందు బయోస్ సెట్టింగులు (కంప్యూటర్ లేచేటప్పుడు చూసుకునేవి) ఫోటో తీసుకోమంటాను. మీది ఎలాగూ రోజూ చెరిగిపోతూనే బూట్ అవుతోంది కాబట్టి ఆ భయం లేదు.

శ్రుతి సంగతి రేపు. బ్యాటరీకీ దానికీ సంబంధం లేదు.


రావులపాలెం_రిపేర్లు | ఆగస్టు 6, రాత్రి 10:50

లైసెన్సు సంగతి నాకు తెలీదు, ఫార్మాట్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ శ్రుతి పెరిగింది అనేది మాత్రం భ్రమేమో అండి. కంప్యూటర్‌లో ఫైలు ఎలా రికార్డ్ చేస్తే అలాగే పలుకుతుంది. సౌండ్ రాదు, లేదా గరగరమంటుంది. శ్రుతి మారడం నేనెప్పుడూ చూడలేదు. కొత్త స్పీకర్లు పెట్టి చూడండి.


గంటస్తంభం_తాత | ఆగస్టు 7, ఉదయం 6:05

చిరంజీవులకి ఆశీస్సులు. కరెంటు ఆఫీసులో లైన్ల మీద పనిచేసి రిటైరైన వాణ్ణి. నా అనుమానం వోల్టేజీ. టేప్ రికార్డర్ రోజుల్లో సాయంత్రం లోడు పెరిగి కరెంటు తగ్గితే పాట సాగేది, ఘంటసాల గొంతు కూడా బరువెక్కిపోయేది. మీకు వోల్టేజీ ఎక్కువ వస్తోందేమో మీటరు పెట్టి చూడండి.


పాతపెట్టె | ఆగస్టు 7, ఉదయం 8:30

తాతగారూ, మీరు చెప్పింది టేపుకి అక్షరాలా నిజం. అక్కడ మోటారు తిరిగే వేగమే పాట వేగం. కంప్యూటర్‌లో ఆ పని చేసేది చిన్న క్రిస్టల్. దాని అదురు వోల్టేజీతో వినపడేంత మారదు. కానీ "వేగం మారితే శ్రుతి మారుతుంది" అన్న మీ పాయింటు జేబులో పెట్టుకుంటున్నా.

కొబ్బరాకు గారూ, అదే కంప్యూటర్‌లో సినిమా పాటలేమైనా ఉన్నాయా? అవి ఎలా వినిపిస్తున్నాయి?


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 7, మధ్యాహ్నం 1:15

బ్యాటరీ మార్చానండి. మలికిపురంలో దొరికింది. తేదీ నిలబడింది, లైసెన్సు మెసేజ్ రావట్లేదు. చాలా థాంక్స్.

పాటలు మామూలుగానే ఉన్నట్టున్నాయి. మా ఆవిడ కూడా తేడా ఏం లేదంది. అంటే ప్రోగ్రామే పాడైందా?


వీణ_పెద్దక్క | ఆగస్టు 7, మధ్యాహ్నం 3:02

పాలకొల్లు నుంచి. 30 ఏళ్లుగా పిల్లలకి వీణ, గాత్రం చెబుతున్నాను. కంప్యూటర్ నాకు రాదు గాని మీ మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నమ్ముతాను, రిపేరు అబ్బాయి ఏమనుకున్నా సరే.

పాటలు మామూలుగా ఉన్నాయనే మాట మాత్రం నమ్మను. సినిమా పాట మొత్తంగా ఒక అర స్వరం, స్వరం పైకి జరిగితే చాలామంది పోల్చుకోలేరు. షడ్జమంతో (స) పాటు పంచమమూ (ప), తక్కినవీ కలిసే జరుగుతాయి కదా, పాట పాటలాగే ఉంటుంది. పక్కన ఇంకో శ్రుతి మోగితేనే తేడా తెలిసేది. మీ మాస్టారి దగ్గర హార్మోనియం ఉంది కాబట్టి పట్టుకున్నారు.

నేను అడిగేది ఒకటే. శ్రుతి ఒక్కటే పెరిగిందా, కాలం కూడా పెరిగిందా? పాప మొదటి కాలంలో సరళీ స్వరాలు పాడేటప్పుడు ఆయాసపడుతోందా? ఆవర్తనం (తాళం ఒక చుట్టు) చివర ఊపిరి అందట్లేదా?


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 7, సాయంత్రం 5:20

అక్కా, మీరు అడిగాక పాపని అడిగాను. "తాళం తొందర పడుతోంది నాన్నా, నేనేదో బద్ధకంగా ఉన్నాననుకున్నా" అంది.

ఇంకో వింత కూడా చెప్పింది. తంబురా పెట్టుకుని దానితో కలిపి పాడితే ఎర్ర గీత వస్తోందట. తంబురా ఆపేసి మాస్టారి హార్మోనియం గుర్తుచేసుకుని పాడితే పచ్చ గీత వస్తోందట. దాంతో దేన్ని నమ్మాలో తెలియక రెండు రోజులుగా పాడటమే మానేసింది. నేను బడి పనుల వల్లేమో అనుకున్నా.


పాతపెట్టె | ఆగస్టు 7, సాయంత్రం 5:31

మీ పాప మా అందరికంటే తెలివైంది. ఆ ఒక్క మాటతో సగం తేలిపోయింది. ప్రోగ్రామ్‌కి ఐదు శ్రుతి అంటే ఏమిటో ఇంకా గుర్తుంది. మైకు నుంచి వినే చెవి బాగానే ఉంది. స్పీకర్‌కి పంపే నోరే తప్పు పలుకుతోంది. అంటే పాడైంది ప్రోగ్రామ్ కాదు, స్పీకర్లూ కాదు. మధ్యలో సౌండ్ బయటికి వెళ్లే దారి.

ఇప్పుడొక పరీక్ష. ప్రోగ్రామ్‌లో సరిగ్గా ఇన్ని నిమిషాలు అని తెలిసిన పాఠం ఏదైనా ఉందా? ఉంటే అది పెట్టి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. ప్రోగ్రామ్ తెర మీద గడియారం చూడొద్దు, అది కూడా పాటతో పాటే పరుగెడుతుంది. ఫోన్ టైమే కావాలి. ఫోన్‌లో ట్యూనర్ యాప్ వేసి తంబురా షడ్జమం ఎన్ని హెర్ట్జ్ చూపిస్తోందో కూడా రాయండి.


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 7, రాత్రి 8:47

పెట్టాను. మూడో పాఠం తెర మీద 10 నిమిషాలు. ఫోన్‌లో 9 నిమిషాల 11 సెకన్లకే అయిపోయింది. నమ్మలేక మళ్లీ పెట్టాను. మళ్లీ 9:11.

ట్యూనర్‌లో తంబురా షడ్జమం 213 దగ్గర ఆడుతోంది. మాస్టారి హార్మోనియం ఐదో మెట్టు 196 అని చూపించింది. హార్మోనియం ఆయన మా ఇంట్లోనే ఉంచారు, వరదలో పంటు మీద మోసుకెళ్లడం ఎందుకని.


పాతపెట్టె | ఆగస్టు 7, రాత్రి 9:03

దొరికింది!

10 నిమిషాలంటే 600 సెకన్లు. 9:11 అంటే 551. 600ని 551తో భాగించండి, 1.089. ఇటు 213ని 196తో భాగించండి, 1.087. రెండూ ఒకటే చోటుకి వస్తున్నాయి. ఇప్పుడు 48000ని 44100తో భాగించండి. 1.088.

సంగతేమిటంటే, సీడీ నాణ్యత సౌండ్‌లో సెకనుకి 44,100 శాంపిళ్లు (సౌండ్‌ని కొలిచిన అంకెలు) ఉంటాయి. సౌండ్ చిప్‌లు ఇంకో లెక్కలో కూడా పనిచేస్తాయి, సెకనుకి 48,000. ఎవరో 44,100 కట్టిన మూటలు పంపిస్తుంటే అందుకునేవాడు సెకనుకి 48,000 చొప్పున విప్పేస్తున్నాడు. 10 నిమిషాల సరుకు 9:11కే అయిపోతుంది. తాతగారి టేపు మోటారు వేగంగా తిరిగినట్టే, శ్రుతీ కాలమూ కలిసి పెరుగుతాయి.


వీణ_పెద్దక్క | ఆగస్టు 7, రాత్రి 9:20

అయితే అది ఎంత పెరిగినట్టు? అర స్వరమా, ఒక స్వరమా?


పాతపెట్టె | ఆగస్టు 7, రాత్రి 9:29

హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి వరసగా లెక్కపెడితే ఒకటిన్నర మెట్టు అక్కా, ఒక్క వెంట్రుక తక్కువ. ఐదు శ్రుతి 196. ఐదున్నర దాదాపు 208. ఆరు 220. ఇది 213లో ఆ రెండింటి నడుమ కూర్చుంది. మాస్టారు "ఏ మెట్టుకీ అందట్లేదు" అన్నది కొలిచి చెప్పినట్టే ఉంది. ఆయన ఆ మాట అనకపోతే నేను ముందు ప్రోగ్రామ్‌లో శ్రుతి సెట్టింగ్ ఎవరో కదిపారనుకునేవాణ్ణి. సెట్టింగ్ మారితే ఏదో ఒక మెట్టు మీదే పడుతుంది కదా.


వీణ_పెద్దక్క | ఆగస్టు 7, రాత్రి 9:41

హార్మోనియం పెట్టుకుని చూశాను. నిజమే. పాపం ఆ పిల్ల రెండు వారాలు ఆ సందులో పాడింది. పై షడ్జమం దగ్గర ఎంత కష్టపడి ఉంటుందో.


రావులపాలెం_రిపేర్లు | ఆగస్టు 7, రాత్రి 9:55

సరే, నేను తప్పు. భ్రమ అన్నందుకు మాస్టారికి సారీ చెప్పానని చెప్పండి. పాతపెట్టె అన్నా, అయితే పరిష్కారం సులువే కదా. కంట్రోల్ ప్యానెల్, సౌండ్, ప్లేబ్యాక్, స్పీకర్స్ మీద ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్. అక్కడ 48000 ఉంటే తీసి 44100 పెట్టడమే.


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 7, రాత్రి 10:18

చూశానండి. అక్కడ ఇప్పటికే "16 బిట్, 44100, సీడీ క్వాలిటీ" అనే ఉంది. ఎన్‌హాన్స్‌మెంట్స్ ట్యాబ్‌లో ఏవో టిక్కులుంటే అన్నీ తీసేశాను. మార్పు లేదు. ఇప్పుడేంటి?


పాతపెట్టె | ఆగస్టు 7, రాత్రి 10:26

అయితే తిరగేద్దాం. 48000 పెట్టి చూడండి. డీవీడీ క్వాలిటీ అని ఉంటుంది.


భీమవరం_బుల్లోడు | ఆగస్టు 7, రాత్రి 10:28

అన్నా, ఎక్కువైందని ఏడుస్తుంటే ఇంకా ఎక్కువ పెట్టమంటావేంటి? పాప గొంతు ధవళేశ్వరం దాటిపోతుంది.


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 7, రాత్రి 10:52

దిగిపోయింది!! 48000 పెట్టి ఓకే నొక్కగానే తంబురా కిందికి దిగింది. ట్యూనర్‌లో 196. పాప నిద్రపోయింది గాని లేపేశాను. తంబురాతో కలిపి ఒక్క షడ్జమం పాడించాను, పచ్చ గీత. "ఇంక ఎర్ర గీత రాదా?" అని అడిగి మళ్లీ పడుకుంది.

పెంచితే తగ్గడం ఏమిటో మాత్రం అర్థం కాలేదు.


పాతపెట్టె | ఆగస్టు 7, రాత్రి 11:10

బుల్లోడూ, నీక్కూడా ఇదే జవాబు. ఆ సెట్టింగ్ వేగం పెంచే మీట కాదు. "అవతల చిప్ ఏ లెక్కలో నడుస్తోంది" అని విండోస్‌కి మనం ఇచ్చే కబురు. 44100 అని చెప్పినప్పుడు విండోస్ సీడీ సౌండ్‌ని ఉన్నదున్నట్టు పంపింది. కొత్త డ్రైవర్ "సరే 44100" అని తలూపి, చిప్‌ని మాత్రం 48000 లోనే వదిలేసింది. ఇప్పుడు 48000 అని చెప్పాం కాబట్టి విండోస్ తానే 44100 సౌండ్‌ని 48000కి సరిపడా మార్చి పంపుతోంది. ఇద్దరూ ఒకే లెక్కలోకొచ్చారు.

ఇది మందు కాదు, కట్టు మాత్రమే. అసలు దోషం షాపులో వేసిన డ్రైవర్‌ది. డివైస్ మేనేజర్‌లో సౌండ్ పరికరం మీద ప్రాపర్టీస్, డ్రైవర్ ట్యాబ్. "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కే వీలుందా, వెలిసిపోయి ఉందా చూడండి. నొక్కొద్దు, చూడండి అంతే. దానికంటే ముందు చేయాల్సింది ఉంది.


రావులపాలెం_రిపేర్లు | ఆగస్టు 8, ఉదయం 9:12

షాపు వాళ్ల తరఫున ఒక మాట. రోజుకి పది మెషీన్లు వస్తాయి. ఏ బోర్డుకి ఏ డ్రైవర్ అని ఒక్కొక్కటీ వెతికే టైముండదు. అందుకే అన్ని డ్రైవర్లూ కలిపి ఉన్న ప్యాక్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని అందరికీ అదే తగిలిస్తాం. సౌండ్ వచ్చిందా, నెట్ వచ్చిందా చూసి పంపేస్తాం. శ్రుతి చూసే చెవి మా దగ్గర లేదు. నేను ఇక మీదట పాత మెషీన్‌లో పనిచేస్తున్న డ్రైవర్‌ని ముట్టుకోను.


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 8, రాత్రి 8:20

రోల్ బ్యాక్ వెలిసిపోయి ఉంది, నొక్కడానికి లేదు. ముందు చేయాల్సింది అన్నారు, ఏమిటండీ?


పాతపెట్టె | ఆగస్టు 8, రాత్రి 9:15

నకలు తీయడం. మీ హార్డ్ డిస్కు 2009 నాటిది. ఇన్నేళ్లు తిరిగిన డిస్కు రేపు పొద్దున్న తిరగకపోయినా ఆశ్చర్యం లేదు. అది పోతే లైసెన్సూ పోతుంది. క్లోన్‌జిల్లా అని ఉచితంగా దొరుకుతుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి దాన్నుంచి బూట్ చేసి, మొత్తం డిస్కుని ఇమేజ్‌గా ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీసుకోవాలి. మూల డిస్కు ఏది, గమ్యం ఏది అని అడిగేచోట రెండుసార్లు చదవండి. అక్కడ తిరగబడితే ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది. ధైర్యం చాలకపోతే రావులపాలెం తీసుకెళ్లండి, మనవాడున్నాడు.

మీ లైసెన్సు డిస్కులోని వాల్యూమ్ నంబరుని (ఫార్మాట్ చేసినప్పుడు విండోస్ పెట్టేది) చూసుకుంటే ఇమేజ్‌తో పాటు అదీ వచ్చేస్తుంది, రేపు కొత్త డిస్కులో వేసినా తెరుచుకుంటుంది. డిస్కు తయారీ సీరియల్‌ని చూసుకుంటే తెరుచుకోదు. ఏదో ముందే చెప్పలేం. అయినా డిస్కు బాగుండగానే విండోస్ చెడిపోతే మాత్రం ఈ ఇమేజ్ తప్పక ఆదుకుంటుంది. సీడీని కూడా ఐఎస్‌వో ఫైలుగా చేసి పెట్టుకోండి. సముద్రపు గాలికి సీడీల మీద మచ్చలొస్తాయి, మా ఇంట్లో సగం అలాగే పోయాయి.

నకలు చేతికొచ్చాక డ్రైవర్. అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, కంప్యూటర్‌లోంచే నేనే ఎంచుకుంటాను అన్న దారిలో వెళ్తే జాబితాలో "హై డెఫినిషన్ ఆడియో డివైస్" అని విండోస్ సొంతది ఉంటుంది. అది ఎంచుకోండి. హంగులుండవు, పని సరిగ్గా చేస్తుంది.

నెట్ లేదన్నారు, మంచిది. విండోస్ 7కి 2020 జనవరితో భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. దాన్ని పాఠాల పెట్టెగానే ఉంచండి.


యానాం_గట్టు | ఆగస్టు 9, ఉదయం 11:04

మధ్యలో దూరుతున్నా, క్షమించాలి. మా వాడికి ఎలక్ట్రానిక్ కీబోర్డు కొని యూఎస్‌బీ కేబుల్‌తో పాత ల్యాప్‌టాప్‌కి కలిపాం. మెట్టు నొక్కాక ఓ క్షణం ఆగి ల్యాప్‌టాప్‌లోంచి సౌండ్ వస్తోంది. ఇది కూడా 48000 గొడవేనా?


పాతపెట్టె | ఆగస్టు 9, మధ్యాహ్నం 12:40

కాదు. కేబుల్లో వెళ్లేది సౌండ్ కాదు, మిడి కబురు. ఏ మెట్టు, ఎంత గట్టిగా అని, అంతే. అది విని ల్యాప్‌టాప్ సౌండ్ తయారుచేస్తుంది. విండోస్‌తో వచ్చే సింథ్ (సౌండ్ పుట్టించే ప్రోగ్రామ్) ఆ పనిలో నిదానం. సులువైన దారి, ల్యాప్‌టాప్ సౌండ్ కట్టేసి కీబోర్డు సొంత స్పీకర్ వినండి. పాఠం తెర మీద నడుస్తూనే ఉంటుంది. లేదా ఏషియో4ఆల్ (ఆలస్యం తగ్గించే సౌండ్ డ్రైవర్) వేసి, ఏషియోకి పలికే సింథ్ ఒకటి పెట్టుకుని, బఫర్ (సౌండ్‌ని ముందుగా పోగుచేసుకునే చోటు) 256 శాంపిళ్లు పెట్టండి. 44100 లెక్కలో అది 6 మిల్లీసెకన్ల లోపు. చిటపటలు వస్తే 512కి పెంచండి.


వేదిక_కాపలా | ఆగస్టు 9, మధ్యాహ్నం 1:00

గట్టు గారూ, ఇంకా ఏమైనా ఉంటే కీబోర్డుల విభాగంలో కొత్త చర్చ మొదలుపెట్టండి. ఇది తంబురా చర్చ.


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 11, రాత్రి 7:30

నిన్న రావులపాలెం వెళ్లాం. రిపేర్లు గారు ఇమేజ్ తీసిచ్చారు, సీడీ నకలు కూడా. డబ్బులు తీసుకోలేదు, పాపతో పాట పాడించుకున్నారు. విండోస్ సొంత డ్రైవర్ వేశాక 44100 పెట్టినా 48000 పెట్టినా తంబురా 196 దగ్గరే ఉంటోంది. పాఠం సరిగ్గా 10 నిమిషాలు.

ఇవాళ మాస్టారు వచ్చారు. ఏం చెప్పకుండా తంబురా పెట్టాను. హార్మోనియం ఐదో మెట్టు నొక్కి పట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు విన్నారు. మెట్టు వదిలేశారు. "జంట స్వరాలు తియ్యమ్మా" అన్నారు పాపతో. అంతే. నేను 48000, 44100 అని మొదలుపెడితే, "అవన్నీ మీరు చూసుకోండి" అని చెయ్యి ఊపేశారు. రిపేర్లు గారి సారీ మాత్రం అందజేశాను, నవ్వారు.

పాప గొంతు కిందికి దిగడానికి ఇంకో పది రోజులు పట్టొచ్చు అన్నారు. అప్పటిదాకా మైకు గీతలు చూడకుండా తంబురా మాత్రమే వినమన్నారు.

ఒక చిన్న సందేహం మిగిలింది. పాట ఆగినప్పుడు స్పీకర్లలో సన్నగా "ఊఁ" అని మోత వస్తోంది. కేబినెట్ ఇనుము ముట్టుకుంటే చీమ కుట్టినట్టుంది. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పటి నుంచే. ప్లగ్గు పెట్టే ఎక్స్‌టెన్షన్ బోర్డు రెండు పిన్నులది.


గంటస్తంభం_తాత | ఆగస్టు 11, రాత్రి 8:02

ఇది నా సబ్జెక్టు నాయనా. ఆ కేబినెట్‌ని పాపని ముట్టుకోనివ్వకండి, ముందు ఆ బోర్డు తీసెయ్యండి. మూడో పిన్ను ఎర్తుకి. అది లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోంచి కారే కొద్దిపాటి కరెంటు ఇనుము మీదే నిలబడుతుంది, చీమ కుట్టేది అదే. మూడు పిన్నుల బోర్డు పెట్టినంత మాత్రాన సరిపోదు, ఇంటికి ఎర్తు నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. పాత పెంకుటిళ్లలో చాలావాటికి ఉండదు. లేకపోతే పెరట్లో గొయ్యి తీసి, పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా వేయిస్తారు. మన లంక నేలలో తడికి కరువు లేదు, ఎర్తు బాగా అందుతుంది. మీరు స్వయంగా చేయకండి.


పాతపెట్టె | ఆగస్టు 11, రాత్రి 8:20

తాతగారు చెప్పిందే చేయండి. ఆ మోత కరెంటుది, 50 హెర్ట్జ్. తమాషా చూశారా, పాప షడ్జమం 196. రెండు స్థాయిలు కిందికి దిగితే 49. అంటే మీ ఇంట్లో కరెంటు ఐదు శ్రుతికి ఒక్క పిసరు పైన ఆలపిస్తోంది.


వీణ_పెద్దక్క | ఆగస్టు 11, రాత్రి 8:33

ఆ పిసరు చాలు నాయనా, పిల్ల చెవి చెడటానికి. రేపే ఎర్తు వేయించండి.


కొబ్బరాకు_గాలి | ఆగస్టు 14, సాయంత్రం 6:48

వేయించాం అక్కా. బొగ్గు మా వదినగారి పొయ్యిలోంచి, ఉప్పు బస్తా అంతర్వేది వైపు నుంచి. మోత పోయింది, చీమ కూడా. శీర్షిక ముందు "పరిష్కారమైంది" అని ఎలా పెట్టాలో తెలియట్లేదు.


వేదిక_కాపలా | ఆగస్టు 14, సాయంత్రం 7:05

నేను పెట్టేశానండి. చర్చ మాత్రం మూయట్లేదు, రిపేర్లు గారు ఇంకెవరికో ఇదే లింకు పంపాలంటున్నారు.